రెండో మాట

మా అన్నయ్య తోమా చెయ్యి గానుగలో పడిందని, దాని యజమాని పరదేశి పరుగున వచ్చి చెప్పినప్పుడు, మా నాన్న ముందుగా అడిగింది చెయ్యి ఎలా ఉందని కాదు. "ఈయాల ఏ వారం?" అని అడిగాడు.

ఏ వారమో ఆయనకి తెలీక కాదు. పొద్దున్న మందిరంలో వాక్యం చెప్పి వచ్చి, ఆ తెల్ల పంచెతోనే అన్నానికి కూర్చున్నాడు. నేను పులుసు గిన్నె పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను. పరదేశి గుమ్మంలో రొప్పుతూ, "ఆదోరం, నోవహు బాబూ" అన్నాడు. నాన్న ముద్ద వదిలేసి కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ఆయన ముఖంలో భయం ఉంది గాని ఆశ్చర్యం లేదు.

ఇది యాభై ఐదు జనవరి మాట. చోడవరంలో మా క్రైస్తవుల ఇళ్ళు అప్పటికి ఇరవై దాటవు. పాస్టరుగారు అనకాపల్లి నుంచి ఎప్పుడో మూడు నెలలకోసారి వచ్చేవారు. తక్కినదంతా సంఘపెద్దగా మా నాన్నదే. వాక్యం ఆయనే చెప్పేవాడు, పెళ్ళిళ్ళూ చావులూ ఆయనే నడిపేవాడు, తగువులు ఆయనే తీర్చేవాడు. నేను మిషను బడిలో టీచర్ని. మా ఆయన పోయాక నాన్న దగ్గరే ఉంటున్నాను. అన్నయ్య, వదిన జ్ఞానమ్మ రెండిళ్ళ అవతల వేరే ఉండేవారు.

మా సంఘంలో తప్పు చేసినవాణ్ణి బల్ల నుంచి ఆపేవారు. బల్ల అంటే ప్రభువు బల్ల. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారే, అది. ఆపినవాడు లోపలికి రాకుండా మందిరం వసారాలో కూర్చోవాలి. మళ్ళీ బల్లకి రావాలంటే అందరి ముందూ నిలబడి రెండు మాటలు చెప్పాలి. మొదటి మాట, "నేను తప్పు చేశాను." రెండో మాట, "దేవుడు నన్ను శిక్షించాడు, ఆ శిక్ష న్యాయం." ఈ రెండు మాటలూ మా నాన్న కూర్చినవే. బల్ల బయట ఉండగా చచ్చిపోయినవాణ్ణి సమాధుల దొడ్డి కంచెకి అవతల పాతిపెట్టేవారు. అలా పాతిపెట్టినవాళ్ళు అప్పటికి ఇద్దరున్నారు. ఆ వైపు పిల్లల్ని ఆడుకోనిచ్చేవాళ్ళం కాదు.

అవి బెల్లం వండే రోజులు. పరదేశి గానుగ మీద ఎనిమిది మంది రైతులు వంతులేసుకుని చెరకు ఆడుకునేవారు. ఒకరికి ఒక రోజు. వంతు తప్పితే మళ్ళీ ఎనిమిదో రోజుకి గాని రాదు. నరికిన చెరకు అన్నాళ్ళు ఆగదు, పులిసిపోతుంది. ముందటేడు అన్నయ్య వంతు ఆదివారం పడితే వదిలేసుకున్నాడు, ఆ చెరకంతా గొడ్లకి వేశాం. ఈ ఏడూ ఆదివారమే పడింది. "ఈసారి ఆడేస్తాను నాన్నా" అని శుక్రవారమే వచ్చి చెప్పాడు. నాన్న అరవలేదు, తిట్టలేదు. "ఆడుకో. ఆయన సూసుకుంటాడు" అన్నాడు. ఆ అన్న తీరుకి వదిన చేతిలోని చెంబు కింద పెట్టేసి నా వైపు చూసింది.

మేం వెళ్ళేసరికి గానుగ ఆపేశారు. ఎద్దులు మాత్రం విప్పకుండా అలాగే నిలబడి ఉన్నాయి. అన్నయ్య చెరకు పిప్పి కుప్పకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతికి బొటనవేలు తప్ప ఇంకేం మిగల్లేదు. ఎవరో పొయ్యిలో బూడిద తీసి గాయం నిండా కూరి, ఎద్దుల మీద కప్పే పాత గుడ్డతో కట్టారు. పెనంలో రసం పొంగి మాడుతోంది, దాన్ని పట్టించుకునేవాళ్ళు లేరు.

"నా బండి కడతాను బాబూ, అనకాపల్లి తీసుకుపోదాం. పొద్దుగూకేలోపు ఎల్లిపోవొచ్చు" అన్నాడు పరదేశి.

నాన్న అన్నయ్య చెయ్యి ఎత్తి చూశాడు. "రగతం ఆగింది గదా. ఆదోరం బండి కట్టం. తెల్లారి నేనే కడతాను" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా మా ఇంట్లో ఆదివారం బండి కట్టింది లేదు. పరదేశి ఆయన ముఖంలోకి చూసి, ఇంటిపెద్ద మాటకి ఎదురు చెప్పడం ఇష్టం లేక తప్పుకున్నాడు. వదిన ఏడ్చింది. నేను మాత్రం నోరెత్తలేదు. గాయంలో మన్నూ మశానమూ పడితే ఏమవుతుందో నాలుగో క్లాసు పిల్లలకి బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని నేను. అయినా నోరెత్తలేదు. ఈ కథలో నాన్నని ఎన్నైనా అంటాను గాని, ఆ ఒక్క చోట నా నోటికి తాళం వేసింది ఎవరూ కాదు.

సోమవారం అనకాపల్లిలో డాక్టరు గాయం కడుగుతూ, "నిన్ననే ఎందుకు తేలేదు?" అని అడిగాడు. నాన్న, వదిన, నేను ముగ్గురం నేల చూపులు చూశాం.

బుధవారం సంఘం కూడింది. అన్నయ్య చేతికి కట్టుతో వచ్చి నిలబడ్డాడు. నాన్న బల్ల వెనక నిలబడి, కన్నకొడుకు పేరు మూడో మనిషి పేరులాగే చదివాడు. తోమా, విశ్రాంతి దినం ఆజ్ఞ మీరినందుకు బల్ల నుంచి ఆపడమైనది. తర్వాత, "రెండు మాటలూ సెప్తావా?" అని అడిగాడు. ఆయన గొంతులో ఆశ నాకు వినపడింది. అన్నయ్య చెప్పేస్తే అక్కడితో అయిపోతుంది, వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం కొడుకు చేతిలో రొట్టె పెట్టొచ్చు.

"మొదటి మాట సెప్తాను" అన్నాడు అన్నయ్య. "ఆదోరం పని సేసేను. నేను తప్పు సేసేను. చెమించండి."

"రెండోది?"

"రెండోది సెప్పను నాన్నా. నా సెయ్యి గానుగ తినేసింది. నేను పక్కకి సూసేను, తినేసింది. దేముడు తినీనేదు."

సంఘం పనుల్లో నాన్నకి సాయంగా ఉండే డీకను దాసు లేచి, "ఒరే తోమా, మాటే గదరా, అనెయ్యరా" అని బతిమాలాడు. దాసు మెత్తని మనిషి, అన్నయ్యని భుజాల మీద ఆడించినవాడు.

"మాటే అయితే అనడానికి నాకేటి కష్టం మావా? ఆయన సెయ్యని పని ఆయన మీద ఎయ్యమంటే ఎలాగేస్తాను? రేపు ఆయన ముందు నిలబడాల గదా" అన్నాడు అన్నయ్య. అని, తనే వెళ్ళి వసారాలో కూర్చున్నాడు.

అప్పటినుంచి మా పేటలో మాట మారిపోయింది. వేళ్ళతో ఆగదంట, ఇంకా ఉందంట అనుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ అన్నయ్య ముఖం మీద అనలేదు గాని, వాళ్ళింటికి మజ్జిగకి వచ్చే ఆడవాళ్ళు రావడం మానేశారు. నాన్న మాత్రం రోజూ సాయంత్రం అన్నయ్య ఇంటి దాకా వెళ్ళి, గుమ్మం ఎక్కకుండా బయటే నిలబడి, "జొరం ఏటైనా ఉందా?" అని అడిగి వచ్చేసేవాడు. నేను వెనక నుంచి చూసేదాన్ని. మంచిమాట వినాలని వెళ్ళేవాడి నడక కాదది. తను ఇన్నేళ్ళూ చెప్పిన మాట నిజమవుతుందేమోనని రోజూ చూసి వస్తున్నాడు. నిజం కాకూడదని కోరుకుంటూనే, నిజమవక తప్పదని నమ్ముతున్నాడు. అలాంటి మనిషిని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు, కోపంతో ఉడికిపోవడం తప్ప.

పన్నెండో రోజున, గురువారం, అన్నయ్య అన్నం నమల్లేకపోయాడు. దవడ పట్టేసిందన్నాడు. శుక్రవారం డాక్టరు వచ్చి చూసి నన్ను పెరట్లోకి పిలిచాడు. ధనుర్వాతం, చెయ్యి దాటిపోయింది, ఇప్పుడు ఎక్కడికి కదిపినా దారిలోనే పోతాడు అన్నాడు. వెలుతురు తగలనివ్వొద్దు, చప్పుడు కానివ్వొద్దు, రెండు మూడు రోజుల్లో నోరు పూర్తిగా బిగుసుకుపోతుంది, అంతవరకు పట్టగలిగింది పట్టండి అన్నాడు. కిటికీలకి గోనెసంచులు కట్టాం. ఎడమవైపు ఒక పన్ను లేకపోబట్టి ఆ సందులోంచి చెంచాతో గంజి పోసేవాళ్ళం. గిన్నె కాస్త మోగినా అన్నయ్య ఒళ్ళు విల్లులా వంగిపోయేది. కాస్త తేరుకున్నప్పుడల్లా వదినని ఒకటే అడిగేవాడు. ఈ ఆదివారం రొట్టె ఇస్తారా?

శనివారం మధ్యాహ్నం నేను ఇంట్లో బల్లకి రొట్టె చేస్తున్నాను. పొంగని రొట్టె చెయ్యడం, ఎండుద్రాక్ష ఉడికించి రసం తియ్యడం మా అమ్మ పోయినప్పటినుంచి నా పనే. నాన్న వచ్చి పొయ్యి పక్కన పీట మీద కూర్చున్నాడు.

"నాన్నా, అన్నయ్యకి ఓ ముక్క పెట్టవా?" అన్నాను.

"ఆ ఒక్క మాట సెప్పమను. పరిగెత్తుకొచ్చి పెడతాను."

"ఆడు సెప్పడు. నీకూ తెలుసు. వారం వారం కృప కృప అని నోరారా సెప్తావు గదా, అదెక్కడుంది? నీ పెట్టిలో దాచేవా?"

అంత మాట నేనెప్పుడూ అనలేదు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "నా సంగతి నీకు తెల్దు గుంటా. నువ్వప్పటికి పుట్టనేదు" అన్నాడు. "తాగొచ్చి మీ అమ్మని కొట్టీవోణ్ణి. పసిగుడ్డు తోమాగాణ్ణి ఓ పాలి ఇసిరీబోయేను. మిషను దొరగారు నాకు పది ఆజ్ఞలు గోడ మీద రాయించి, రోజుకి ఒక్కటి నిలబెట్టుకోరా నోవహూ, అన్నారు. ఆ గోడ పట్టుకునే నడిసేను. కృప గొప్పదే. కాని ఆ గోడ నేకపోతే నేను నిలబడనేను. ఒక్క రాయి తీసేస్తే ఎక్కడ పడతానో నాకే తెల్దు."

"పడితే పడు నాన్నా. ఆడు సచ్చిపోతన్నాడు" అన్నాను.

ఆయన లేచి వెళ్ళిపోయాడు. రొట్టె అడుగు మాడింది. మళ్ళీ పిండి కలిపి చేశాను.

ఆదివారం నేను మందిరానికి వెళ్ళలేదు, రొట్టె పంపించి అన్నయ్య దగ్గర కూర్చున్నాను. మందిరంలో బల్ల అయ్యాక, మంచాన పడినవాళ్ళకి సంఘపెద్ద ఇంటింటికీ వెళ్ళి రొట్టె ఇచ్చి రావడం మా ఆచారం. డీకను సాక్షిగా వెంట వెళ్ళాలి. రోగులందరికీ ఇచ్చాక గాని సంఘపెద్ద తన ముక్క తినకూడదు. ఆ రోజు అన్నయ్య కాక మా పేటలో మంచాన ఉన్నవాళ్ళు ముగ్గురు. ఇద్దరిళ్ళు అన్నయ్య ఇంటికి ఇవతల, మూడోది అవతల ఉన్నాయి. రెండో ఇంట్లో ప్రార్థన ముగియడం గోడ మీదుగా వినపడింది. అడుగులు అన్నయ్య గుమ్మం దాకా వచ్చి ఆగాయి.

"పద నోవహన్నా" అన్నాడు దాసు మెల్లగా. బల్ల బయట ఉన్నవాడి గుమ్మం ముందు నుంచి అలా నడిచి వెళ్ళిపోవాలి. అదీ నాన్న పెట్టిన రూలే.

వదిన గుమ్మంలోకి వెళ్ళింది. ఏడుస్తుందనుకున్నాను, కాళ్ళ మీద పడుతుందనుకున్నాను. అదేం చెయ్యలేదు. "మావయ్యా, పోసిన గంజి దిగడం నేదు. రేపటికి నీళ్ళు కూడా దిగవు" అంది, అంతే.

నాన్న పళ్ళెం దాసు చేతికిచ్చి లోపలికి వచ్చాడు. చీకట్లో ఆయనకి కళ్ళు కనపడక గోడ తడుముకున్నాడు. మంచం పక్కన కింద కూర్చుని, చప్పుడు కాకుండా, "బాబూ" అన్నాడు.

అన్నయ్య కళ్ళు తిప్పాడు. ధనుర్వాతంలో ముఖం నవ్వినట్టు బిగుసుకుపోతుంది. ఆ నవ్వు చూసి నాన్న వెనక్కి జరిగాడు. తర్వాత మళ్ళీ దగ్గరికి వచ్చి, "ఆ మాట ఒకటి అనెయ్ బాబూ. గట్టిగా అనక్కర్నేదు. నాకు వినపడితే సాలు" అన్నాడు.

"ఆయన... సెయ్యనేదు" అన్నాడు అన్నయ్య పళ్ళ మధ్య నుంచి.

"మరెవరు సేసేరు? సెయ్యి గానుగ తీసింది, సరే. పానం ఎవరు తీస్తన్నారు?"

పక్క గదిలో వదిన ముక్కు చీదుకున్న చప్పుడుకే అన్నయ్య ఒళ్ళు వంగడం మొదలైంది. నేను భుజాలు పట్టుకున్నాను. అది తగ్గేసరికి చాలాసేపు పట్టింది. నాన్న అంతసేపూ చూస్తూనే ఉన్నాడు. తగ్గాక, ఎవరూ అడక్కుండానే, "బండి నేనే కట్టనేదు" అన్నాడు.

"తెలుసు."

"ఆ రోజే తీసుకుపోతే..."

"తెలుసు నాన్నా. అది... నేనెప్పుడో... వొగ్గీసేను." ఊపిరి తీసుకుని మళ్ళీ, "ఆకలేస్తంది" అన్నాడు.

చెల్లెల్ని, నేను అప్పటిదాకా బండి మాట అన్నయ్య దగ్గర ఎత్తే ధైర్యం చెయ్యలేదు. అన్నయ్య నాన్న చేత ఒక్క మాట కూడా చెప్పించుకోకుండా, తప్పు ఒప్పుకోమని అడక్కుండా, ఎప్పుడో లోపల్లోపలే వదిలేశాడు. నాన్నకి అది అర్థమైన క్షణం నేను చూశాను. ఆయన పెద్ద శరీరం కట్టెలు తీసేసిన పందిరిలా కిందకి దిగిపోయింది.

లేచి గుమ్మంలోకి వెళ్ళి దాసు చేతిలోని పళ్ళెంలోంచి ఒక ముక్క తీశాడు. "ఇది నాది. మూడో ఇంటోళ్ళది కదపనేదు, సూసుకో" అన్నాడు.

"అన్నా, వొద్దన్నా" అన్నాడు దాసు. వద్దంటున్నాడు గాని ఏడుస్తున్నాడు.

నాన్న ఆ ముక్కని గోరంత చేసి, రసంలో నానబెట్టి, పన్ను లేని సందులోంచి వేలితో లోపలికి తోశాడు. మింగడానికి అన్నయ్య ఎంత కష్టపడ్డాడో చెప్పలేను. గొంతు రెండుసార్లు కదిలింది. మూడోసారి దిగింది. కళ్ళు మూసుకుని, ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి, దుప్పటి పట్టుకున్న ఎడమచేతి పిడికిలి విప్పాడు.

సాయంత్రం కూటంలో నాన్నే లేచి నిలబడ్డాడు. దాసు ఏమీ చూడలేదని చెప్పడానికి సిద్ధపడి వచ్చాడు, ఆ అవకాశం ఇవ్వలేదు. బల్ల బయట ఉన్నవాడికి రొట్టె ఇచ్చిన నోవహుని బల్ల నుంచి ఆపడమైనది అని తన పేరు తనే చదివి, వసారాలోకి వెళ్ళి అన్నయ్య కూర్చున్న చోటనే కూర్చున్నాడు. అన్నయ్య బుధవారం పొద్దున్న పోయాడు. రొట్టె తిని పోయినవాడు కాబట్టి కంచె లోపలే సమాధి చేశారు. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. మట్టి వేసేటప్పుడు నాన్న కంచె బయట నిలబడ్డాడు.

తర్వాత దాసు సంఘపెద్ద అయ్యాడు. నెల తర్వాత నెల, మొదటి ఆదివారం నాన్న తెల్ల పంచె కట్టుకుని వచ్చి వసారాలో కూర్చునేవాడు. ఎండ వచ్చినా జల్లు కొట్టినా జరిగేవాడు కాదు. రెండు మాటలు చెప్పమని అందరూ బతిమాలారు. రెండోది వదిలెయ్, మొదటిది ఒక్కటి చెప్పు చాలన్నారు. ఆ మరుసటేడు వానాకాలం ముందు నాన్నకి దగ్గులో నెత్తురు పడడం మొదలైంది. కంచె అవతల ఆ రెండు దిబ్బల పక్కన ఖాళీ చోటు రోజూ నా కంట పడేది. ఇక ఆగలేక పాస్టరుగారికి ఉత్తరం రాసి పిలిపించాను.

ఆయన బల్ల మధ్యలో ఆపి, రొట్టె చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చారు. నేనూ వెనకే వచ్చాను. "నోవహు గారూ, తప్పు చేశానని ఒక్క మాట అనండి. నా చేత్తో నోట్లో పెడతాను" అన్నారు.

నాన్న ఆ రొట్టె వంక చాలాసేపు చూశాడు. ఆకలి ఎలా ఉంటుందో ఆ రోజు ఆయన కళ్ళల్లో చూశాను.

"ఎలాగనను బాబూ?" అన్నాడు. "తప్పని నేనంటే, ఆడి నోట్లోది తీసీసినట్టు. తప్పు రొట్టి తిన్నట్టవుతాది ఆడు."

పాస్టరుగారు రొట్టెతోనే లోపలికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. తడి రాతి మీద నాన్న పక్కన కూర్చున్నాను.

"లోపలికి పో గుంటా. బల్ల ఒగ్గీసి కూకుంటే నీ పేరు సదువుతారు" అన్నాడు నాన్న కంగారుగా.

"సదవనీ నాన్నా" అన్నాను.